ఇంట్లో నెట్ మోడెం పోతే: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెట్ ఆగిపోగానే ఎవరైనా చేసే మొదటి పని బాక్సుని ఆపి మళ్లీ వేయడం, రెండో పని కాస్త తెలిసినవాళ్లకి ఫోన్ చేయడం. వేసవి గాలివానల దగ్గర్నుంచి దసరా, దీపావళి నాటి తుఫాన్ల దాకా ఈ ఫోన్లు ఆగవు. అరసవల్లి నుంచి వచ్చే ప్రశ్న, చీపురుపల్లి నుంచి వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే కాబట్టి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మన రెండు జిల్లాల్లో ఇప్పుడు ఎక్కువ ఇళ్లకి వస్తున్నది ఫైబర్ కనెక్షనే, అందుకని ఇక్కడ మోడెం అంటే సన్నటి ఫైబర్ వైరు వచ్చి దూరే ఆ బాక్సే, దాన్నే కంపెనీవాళ్లు ఓఎన్‌టీ అనో ఓఎన్‌యూ అనో అంటారు. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు, మీకు కావాల్సిన దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## నిజంగా పాడైందా లేదా తేల్చుకునేటప్పుడు

నెట్ రావట్లేదు. పోయింది మోడెమా, లైనా? ఎలా తెలుస్తుంది?

లైట్లు చూడండి, అవే చెప్తాయి. ఒక్క లైటూ లేదంటే కరెంటు గొడవ, అంటే అడాప్టరో, ప్లగ్గో, బాక్సో. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్రగా వెలుగుతోందంటే ఫైబర్‌లోంచి వెలుతురు బాక్సు దాకా రావట్లేదని, అది చాలా వరకు లైను తప్పే. ఎల్‌ఓఎస్ ఆరిపోయి ఉండి పాన్ అనే లైటు ఆగకుండా మిణుకుమిణుకుమంటోందంటే వెలుతురు వస్తోంది గానీ అవతలి మెషీను మీ బాక్సుని గుర్తుపట్టట్లేదని. పాన్ నిలకడగా పచ్చగా ఉండి ఇంటర్నెట్ లైటు మాత్రం వెలగట్లేదంటే లాగిన్ అవ్వట్లేదు, అక్కడ ప్యాక్ అయిపోయిందేమో ముందు చూసుకోవాలి. కంపెనీని బట్టి పేర్లూ రంగులూ కొంచెం మారతాయి గానీ లెక్క ఇదే. ఫోన్ చేసే ముందు లైట్లన్నీ కనపడేలా ఒక ఫొటో తీసి పెట్టుకోండి, చాలా మాటలు కలిసొస్తాయి.

లైట్లు ఒక్కటీ వెలగట్లేదు. బాక్సు చచ్చిపోయినట్టేనా?

తొందరపడకండి. ముందు అదే ప్లగ్గులో ఫోన్ చార్జర్ పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి, వస్తోందంటే తర్వాతి అనుమానం అడాప్టరు మీదే. మోడెం కంటే అడాప్టరే ముందు పోతుంది, మన దగ్గర వోల్టేజీ ఎక్కి దిగే తీరుకి అది పోకపోతేనే ఆశ్చర్యం. ఇలాంటి బాక్సులు ఎక్కువగా 12 వోల్టుల మీద నడుస్తాయి, 1 ఆంపియరో 1.5 ఆంపియర్లో ఉంటుంది, కొన్ని చిన్న రౌటర్లు మాత్రం 9 వోల్టులవి. మీ బాక్సుకి ఎంత కావాలో కింద స్టిక్కర్ మీద ఉంటుంది. వేరే అడాప్టరు పెట్టేటప్పుడు వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. పిన్ను దూరింది కదా అని 9 వోల్టుల రౌటరుకి 12 వోల్టులు ఇస్తే బాగున్న బాక్సు కూడా పోతుంది. పక్కింట్లో అదే రకం బాక్సు ఉంటే వాళ్ల అడాప్టరు ఒక్క ఐదు నిమిషాలు అడిగి పెట్టి చూడండి. అదీ కుదరకపోతే ఏ ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపులోనైనా మీటరు పెట్టి క్షణంలో చెప్తారు.

ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది, వచ్చిన అబ్బాయేమో బాక్సు మార్చాలంటున్నాడు. నమ్మొచ్చా?

చూపించమనండి. వాళ్ల దగ్గర పవర్ మీటరు ఉంటుంది, మీ ఇంట్లోకి వచ్చిన ఫైబర్ కొసని అందులో పెడితే ఎంత వెలుతురు వస్తోందో డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటి 28, 30 వైపు పోయిందంటే అంత సన్నటి వెలుతురుని ఏ బాక్సూ నమ్మకంగా పట్టుకోలేదు, అప్పుడు బాగుచేయాల్సింది లైను. మీటరులో మంచి అంకె వచ్చి, కనెక్టరు తుడిచి పెట్టినా బాక్సు మీద ఎరుపు పోలేదంటే మాత్రం బాక్సు లోపలి రిసీవరు పోయినట్టే, మార్చాల్సిందే. మీటరు తేలేదంటే ఇంకో దారి ఉంది, అతని దగ్గరున్న వేరే బాక్సు మీ వైరుకి తగిలించి చూడమనండి. ఆపరేటరు సిస్టంలో అది రిజిస్టర్ కాకపోయినా ఫరవాలేదు, ఎర్రలైటు ఆరిందా లేదా అన్నదే మనకి కావాలి.

లైను ఎందుకు పోతుందంటారా, గడ్డి లోడుతో వెళ్లే ట్రాక్టరు కిందికి వేలాడే వైరుని తెంపుకుపోవడం, ఎలకలు కొరకడం, స్తంభం మీద జాయింటు బాక్సులోకి వాన నీళ్లు దిగడం. ఇంట్లోనే తప్పు జరిగే దారి కూడా ఉంది, బీరువా వెనక్కి జరిపినప్పుడు వైరు నలిగి మడత పడటం. ఎవరిమీదైనా అరిచే ముందు ఆ బీరువా ఒకసారి జరిపి చూడండి.

లైట్లన్నీ బాగానే ఉన్నాయి, వైఫై కూడా కనెక్ట్ అవుతోంది, కానీ ఏ పేజీ తెరుచుకోదు. ఇదేటి?

మోడెం పోవడానికీ దీనికీ సాధారణంగా సంబంధం ఉండదు. ప్యాక్ గడువు ముగిసిందేమో ఆపరేటరు యాప్‌లో చూసుకోండి. గడువు ఉందంటే ల్యాప్‌టాప్‌ని వైరుతో మోడెంకి కలిపి చూడండి. వైరుతో వచ్చి వైఫైలో రాలేదంటే బాక్సులోని వైఫై భాగం దెబ్బతిని ఉండొచ్చు, అప్పుడు మోడెం అలాగే ఉంచి పక్కన చిన్న రౌటరు పెట్టుకున్నా సరిపోతుంది. వైరుతోనూ రాలేదంటే అవతలి వైపు సమస్య.

రోజూ ఆపి వేస్తేనే పనిచేస్తోంది. మార్చేయడమే మంచిదా?

బాక్సుని ముట్టుకుని చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే, అది సెట్‌టాప్ బాక్సు నెత్తిమీదో, తలుపులున్న టీవీ స్టాండు లోపలో, రేకుల కప్పుకి ఆనుకునో ఉందని చూడకుండానే చెప్పొచ్చు. గాలి ఆడేచోటికి మార్చి నాలుగు రోజులు గమనించండి. వేడి లేకపోయినా దానంతటదే ఆగి మొదలవుతోంది, అందులోనూ నలుగురూ ఒకేసారి వాడినప్పుడే అలా అవుతోందంటే అడాప్టరు నీరసించిందని అర్థం, లైట్లు వెలిగించేంత శక్తి ఉంటుంది గానీ లోడు పడగానే వోల్టేజీ పడిపోతుంది. ఈ రెండూ కావని తేలాకే కొత్త మోడెం మాట.

వెనకాల చిన్న బొక్కలో పిన్ను పెట్టి రీసెట్ నొక్కితే బాగవుతుందన్నారు, నొక్కనా?

నొక్కకండి. ఆపి వేయడం వేరు, రీసెట్ వేరు. ఆ బొక్కలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కారంటే బాక్సు కొత్తగా కొన్నప్పటి స్థితికి పోతుంది, అందులో ఆపరేటరు పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డు, నెట్ ఏ వరసలో నడవాలో చెప్పే వీలాన్ నంబరు అన్నీ చెరిగిపోతాయి. అంతవరకు లైను సమస్య ఒక్కటే ఉన్నది ఇప్పుడు రెండు సమస్యలవుతాయి, పైగా ఆదివారం సాయంత్రం ఆ పని చేస్తే సోమవారం దాకా ఎవరూ ఫోన్ ఎత్తరు. ఆ వివరాలు మీ దగ్గర రాసి ఉండి, పెట్టడం తెలిసుంటే వేరే సంగతి.

## ఆపరేటరుతో మాట్లాడేటప్పుడు

ఫోన్ చేసి ఏమని చెప్పాలి? "నెట్ రావట్లేదు" అంటే "చూస్తాం" అని పెట్టేస్తున్నారు.

"నెట్ రావట్లేదు" అన్న మాట వాళ్లు పొద్దున్నుంచి వందసార్లు వింటారు. అదే "ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది, మా వీధిలో మిగతావాళ్లకి వస్తోంది, నిన్న రాత్రి గాలివాన తర్వాత పోయింది" అని చెప్పండి, వినేవాడికి ఏ సామాను తీసుకుని రావాలో తెలుస్తుంది. వీధంతా పోయిందా మీ ఒక్కరికేనా అన్నది ముఖ్యం. కస్టమర్ ఐడీ దగ్గర పెట్టుకోండి. కాల్ సెంటరుకి చేస్తే కంప్లయింట్ నంబరు అడిగి రాసుకోవడం మర్చిపోకండి, మీ ఊరి కేబుల్ ఆపరేటరు దగ్గర కనెక్షన్ అయితే ఫొటోతో వాట్సాప్ మెసేజ్ పెట్టండి, తేదీ దానంతటదే నమోదవుతుంది.

మోడెం వాళ్లిచ్చిందే కదా, పోతే కొత్తది ఉచితంగా ఇవ్వాలి కదా?

అది మీరు కనెక్షన్ తీసుకున్న రోజు ఏం జరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మూడు రకాలు. బాక్సు కంపెనీదే, మీరు డిపాజిట్ కట్టారో, అద్దె కడుతున్నారో, ప్లాన్‌లోనే కలిపేశారో అయితే మామూలుగా పాడైనప్పుడు మార్చి ఇచ్చే బాధ్యత వాళ్లదే. మీరు డబ్బిచ్చి కొన్నారంటే బాక్సు మీది, వారంటీ ఉన్నన్నాళ్లే ఉచితం. మూడో రకమే మన దగ్గర ఎక్కువ, "ఇన్‌స్టాలేషన్‌తో కలిపి ఇంత" అని చేతికి డబ్బు తీసుకుని ఏ కాగితమూ ఇవ్వని రకం. అక్కడ వాదనే మిగులుతుంది.

పిడుగుకీ హైవోల్టేజీకీ పోయింది వారంటీలోకి రాదని చాలా కంపెనీలు ముందే రాసిపెడతాయి. కాబట్టి కొత్త బాక్సుకి డబ్బు కట్టే ముందు ఒక్కటి గట్టిగా అడగండి: ఇది అమ్మకమా, డిపాజిట్టా? డిపాజిట్టయితే రసీదు మీద ఆ మాట ఉండాలి. బాక్సు నంబరు కూడా రాయించుకోండి.

ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోవట్లేదు. ఎవరికి చెప్పుకోవాలి?

పెద్ద టెలికాం కంపెనీలకైతే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం రెండు మెట్లుంటాయి. మొదటిది కాల్ సెంటర్, అక్కడ కంప్లయింట్ నంబరు ఇచ్చి తీరాలి. దాంతో పని జరగకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ అని ఉంటుంది, అప్పీలుకి రుసుము లేదు. ఈమెయిల్ చిరునామా కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. డబ్బు తీసుకుని బాక్సు ఇవ్వకపోవడం, డిపాజిట్ తిరిగి ఇవ్వకపోవడం లాంటివి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయొచ్చు.

తుఫాను తర్వాత మాత్రం కొంత ఓపిక పట్టక తప్పదు. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభాలు కూడా పడిపోయాయి. ఫైబర్ వేలాడేది కూడా చాలాచోట్ల ఆ స్తంభాలకే. స్తంభం లేచాకే వైరు లేస్తుంది.

## కొత్తది కొనేటప్పుడు

ఆన్‌లైన్‌లో సగం ధరకే కనిపిస్తోంది. ఆర్డర్ పెట్టేయనా?

ఆపరేటరుని అడక్కుండా పెట్టకండి. ఫైబర్ మోడెం బల్బు లాంటిది కాదు, ఏది తెచ్చి బిగించినా వెలగదు, అవతల ఆపరేటరు గదిలో ఉండే ఓఎల్‌టీ అనే మెషీను దాన్ని ఒప్పుకోవాలి. ఆ మెషీను జీపాన్ రకమా, ఈపాన్ రకమా అన్నది మొదటి ప్రశ్న, ఒక రకం బాక్సు ఇంకో రకం లైనుకి అస్సలు పనిచేయదు. ఎక్స్‌పాన్ అని ఉన్నవి రెండిటికీ పనికొస్తాయి. రెండో ప్రశ్న, "మీ సిస్టంలో ఏ కంపెనీ బాక్సులు తీసుకుంటుంది?" ఎందుకంటే రకం కలిసినా కొన్ని ఓఎల్‌టీలు వేరే కంపెనీ బాక్సులతో సరిగ్గా మాట్లాడవు, నెట్ వచ్చినా ఫోన్ రాకపోవడం లాంటివి అవుతాయి. మూడోది, "బయట కొన్నది నేను తెస్తే రిజిస్టర్ చేస్తారా?" కొన్ని కంపెనీలు తమ బాక్సు తప్ప ఇంకోటి ఎక్కించనే ఎక్కించవు. ఈ మూడిటికీ వాట్సాప్‌లో జవాబు వచ్చాకే డబ్బు పెట్టండి.

సెకండ్‌హ్యాండ్ బాక్సు తక్కువలో ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

అది ఏ కంపెనీ కనెక్షన్‌కి ఇచ్చిన బాక్సో చూడండి. పెద్ద కంపెనీల బాక్సుల్లో సాఫ్ట్‌వేర్ వాళ్ల నెట్‌వర్క్‌కే తాళం వేసి ఉంటుంది, మీ ఆపరేటరు దగ్గర ఎందుకూ పనికిరాదు. పైగా అది అద్దె బాక్సయితే అమ్మినవాడిది కానే కాదు. మీ ఆపరేటరే తన పాత స్టాకులోంచి ఇస్తూ, పని చేయించి చూపిస్తే తప్ప నేనైతే వద్దంటాను.

షాపులో రౌటర్ ఇచ్చారు, దానికి ఫైబర్ వైరు పెట్టే చోటే లేదు. మోసపోయానా?

మోసం కాదు, వస్తువు వేరు. మామూలు రౌటరుకి నీలం రంగులోనో పసుపులోనో బయటి నెట్ లోపలికి తీసుకునే ఒక వాన్ పోర్టు ఉంటుంది, అందులోకి చతురస్రపు ప్లాస్టిక్ మొనతో ఉన్న ల్యాన్ వైరే పడుతుంది. ఫైబర్‌ని అర్థం చేసుకునేది ఓఎన్‌టీ మాత్రమే. పోయింది ఓఎన్‌టీ అయితే రౌటర్ దాని స్థానంలో కూర్చోలేదు, దాన్ని తిరిగి ఇచ్చేయండి. ఓఎన్‌టీ బాగానే ఉండి వైఫై ఒక్కటే బలహీనంగా ఉంటే మాత్రం మీరు తెచ్చిన రౌటరే సరైన మందు.

పాత టెలిఫోన్ వైరు కాలం నాటి ఏడీఎస్‌ఎల్ మోడెం అటక మీద ఉంది. అది వాడుకోవచ్చా?

ఫైబర్‌కి మోడెంగా పనికిరాదు, అది రాగి టెలిఫోన్ లైను కోసం చేసింది. అయితే పారేయక్కర్లేదు, వైఫై అందని గదిలో యాక్సెస్ పాయింటుగా వాడుకోవచ్చు. దాని సెట్టింగుల్లోకి వెళ్లి ల్యాన్ ఐపీని, అంటే ఇంటి నెట్‌లో దాని అడ్రసుని, మెయిన్ మోడెంతో గుద్దుకోకుండా మార్చండి, అంటే మెయిన్ మోడెం 192.168.1.1 అయితే దీన్ని 192.168.1.2 చేయండి. కలిసే ఫోన్లకి అలాంటి అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని దీంట్లో ఆపేయండి. తర్వాత మెయిన్ మోడెం ల్యాన్ పోర్టు నుంచి దీని ల్యాన్ పోర్టుకి వైరు వేస్తే అయిపోయింది. వేగం పెద్దగా ఆశించకండి, మేడమీద గదిలో వార్తలు చదువుకోవడానికి, పాటలు వినడానికి చాలు.

సింగిల్ బ్యాండ్ చాలా, డ్యూయల్ బ్యాండ్ కావాలా?

సింగిల్ బ్యాండ్ అంటే వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మీద ఒక్కటే, డ్యూయల్ అంటే 5 గిగాహెర్ట్జ్ మీద కూడా. ప్లాను 40, 50 ఎంబీపీఎస్ అయి, వాడేది రెండు మూడు ఫోన్లయితే సింగిల్ బ్యాండ్ నడుస్తుంది. 100కి పైన ప్లాను తీసుకుని సింగిల్ బ్యాండ్ బాక్సు పెట్టుకుంటే కట్టే డబ్బులో సగం గాలికి పోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది గానీ నెమ్మది, 5 గిగాహెర్ట్జ్ వేగం గానీ గోడ అడ్డొస్తే డీలా పడుతుంది. విజయనగరం కోట చుట్టుపక్కల పాత ఇళ్లలాగా మందపాటి గోడలుంటే హాల్లో పెట్టిన 5 గిగాహెర్ట్జ్ వంటింటి దాకా వెళ్లదు, అలాంటిచోట ఖరీదైన బాక్సు కంటే లోపలి గదికి ఒక ల్యాన్ వైరు లాగి రెండో రౌటర్ పెట్టుకోవడమే తెలివైన ఖర్చు. ఇంకోటి, చవక ఓఎన్‌టీల్లో ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌కే పరిమితం. 200 ప్లాను వాళ్లు గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్, పోర్టు ఉందో లేదో అడిగి తీసుకోవాలి.

ల్యాండ్‌లైను, టీవీ కూడా ఈ బాక్సు మీదే వస్తున్నాయి. ఏది కొన్నా వస్తాయా?

రావు. ల్యాండ్‌లైనుకి బాక్సు మీద టెల్ అనో ఫోన్ అనో రాసిన చిన్న పోర్టు విడిగా ఉండాలి, అది లేని మోడల్ కొంటే అమ్మమ్మగారి నంబరు మూగబోతుంది. పోర్టు ఉంటే చాలదు, ఫోను వివరాలు కూడా ఆపరేటరు అందులో ఎక్కించాలి. టీవీ కూడా ఫైబర్ మీదే వచ్చే కనెక్షన్లలో దానికి విడిగా ఒక వీలాన్ ఉంటుంది, అది పెట్టకపోతే నెట్ వస్తుంది, టీవీ రాదు. ఇలా మూడూ ఒకే బాక్సు మీద ఉన్నవాళ్లకి నా మాట ఒక్కటే, సొంత తెలివి పక్కన పెట్టి ఆపరేటరు ఇచ్చిన బాక్సే పెట్టించుకోండి.

## బిగించేటప్పుడు

నేనే మార్చేసుకోవచ్చా? ఆ అబ్బాయి వచ్చేదాకా ఆగాలా?

పాతది తీసి కొత్తది పెట్టడం చిన్నపిల్లలు కూడా చేస్తారు. ఆగాల్సింది రిజిస్ట్రేషన్ కోసం. జీపాన్‌లో ప్రతి బాక్సుకీ ఒక సీరియల్ నంబరు ఉంటుంది, ఆపరేటరు తన సిస్టంలో పాత నంబరు తీసి కొత్త నంబరు ఎక్కిస్తేనే పాన్ లైటు నిలుస్తుంది. ఈపాన్‌లో అయితే మ్యాక్ నంబరు. ఇది వాళ్లు ఆఫీసులో కూర్చునే చేయగలరు, ఇంటికి రానక్కర్లేదు.

బాక్సుని తిరగేస్తే కింద అగ్గిపెట్టెంత స్టిక్కరు ఉంటుంది, చీమల్లాంటి అక్షరాలు. అందులో జీపాన్ ఎస్ఎన్ అని ఉన్న వరసే కావాలి, ఉత్త ఎస్ఎన్ అని ఉన్నది కాదు, అది తయారీ కంపెనీ సొంత నంబరు. జీపాన్ నంబరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కంపెనీ గుర్తు, హువావే అయితే హెచ్‌డబ్ల్యూటీసీ, జెడ్‌టీఈ అయితే జెడ్‌టీఈజీ. తర్వాతి ఎనిమిదింటిలో అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ దాకా ఉండే అక్షరాలు మాత్రమే వస్తాయి, కాబట్టి అక్కడ గుండ్రంగా కనిపించేది ఓ కాదు, సున్నాయే. 8కీ బీకీ మధ్య పొరపాటు ఎక్కువ. నోటితో చదవకండి, ఫొటో తీసి పంపండి.

ఫైబర్ వైరు పీకి మళ్లీ పెట్టడం భయంగా ఉంది. విరిగిపోతుందా?

మొన పట్టుకుని నిదానంగా లాగితే ఏమీ కాదు, వైరు పట్టుకుని లాగకండి. మొన చివర తెల్లగా పుల్లలా ఉండే భాగాన్ని వేలితో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటినా వెలుతురు తగ్గిపోతుంది. తుడవాలనుకుంటే శుభ్రమైన పొడి టిష్యూ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క, అంతే. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర్లు పడతాయి. పెట్టేటప్పుడు టిక్ మని శబ్దం వచ్చేదాకా నొక్కాలి.

రంగు చూడండి. పచ్చ మొనకి ఏపీసీ అని పేరు, దాని కొస 8 డిగ్రీల వాలుగా కోసి ఉంటుంది. నీలం మొన యూపీసీ, దాని కొస చదును. పచ్చని పచ్చలో, నీలాన్ని నీలంలో పెట్టాలి. రెండూ దూరుతాయి, దూరింది కదా అనుకుంటారు, లోపల కొసలు ఆనవు కాబట్టి వెలుతురు సగం దారిలోనే చెదిరిపోతుంది, ఒక్కోసారి కొసలు గీసుకుపోతాయి కూడా. కొత్త బాక్సు రంగు వేరేగా ఉంటే చివరి మొన మార్చమని ఆపరేటరుని అడగాలి.

మిగిలిన వైరుని పెద్ద చుట్టలా వదులుగా చుట్టండి, దారం ఉండలా బిగించి మేకుకి కట్టేయకండి. వైరు కొసలోకి కంటితో మాత్రం చూడకండి. వచ్చే వెలుతురు 1490 నానోమీటర్లది, కంటికి కనపడదు, కనపడట్లేదు కాబట్టి ఏమీ లేదనుకోవడం తప్పు.

పీపీపీఓఈ, వీలాన్ అంటున్నారు. ఏటవి, ఎక్కడ పెట్టాలి?

పీపీపీఓఈ అంటే మీ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డుతో మోడెం చేసే లాగిన్. వీలాన్ అంటే ఆ ఫైబర్‌లో నెట్ ఏ వరసలో నడుస్తుందో చెప్పే నంబరు. రెండూ ఆపరేటరే చెప్పాలి, ఊహించి పెట్టేవి కావు, ఊరూరికీ మారొచ్చు. మోడెంకి కనెక్ట్ అయి బ్రౌజరులో 192.168.1.1 కొడితే సెట్టింగుల పేజీ వస్తుంది, రాకపోతే స్టిక్కరు మీద ఉన్న చిరునామా కొట్టండి. లోపల వాన్ అనే విభాగంలో ఇవి నింపాలి. చాలా కంపెనీలు రిజిస్టర్ అవగానే ఇవన్నీ దూరం నుంచే పంపేస్తాయి, అప్పుడు మీరు చేయాల్సిందేమీ ఉండదు. చేత్తో నింపాల్సి వస్తే మాత్రం నింపాక ఆ పేజీ ఫొటో తీసి దాచుకోండి.

కొత్త మోడెం పెట్టాక ఫోన్లు, టీవీ, సీసీ కెమెరాలు అన్నిటికీ మళ్లీ పాస్‌వర్డు కొట్టాలా?

అక్కర్లేదు. కొత్త మోడెంలో వైఫై పేరు, పాస్‌వర్డు పాతవే పెట్టండి, పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా కూడా లేకుండా. అన్నీ వాటంతటవే కలిసిపోతాయి. పాత కెమెరాలు కలవకపోతే 2.4 గిగాహెర్ట్జ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, వాటిలో చాలా వరకు దాన్ని తప్ప ఎరగవు. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే డబ్ల్యూపీఏ2ని కూడా అనుమతించండి.

## పెట్టాక

కొత్తది పెట్టాక స్పీడు ఇంకా తగ్గింది. ఇదెక్కడి న్యాయం?

వైఫైలో కొలవకండి, వైరుతో కొలవండి. వైరుతో ప్లాను స్పీడు వస్తోందంటే ఆపరేటరు తప్పు లేదు, మీ ఫోను 2.4 గిగాహెర్ట్జ్‌కి తగులుకుని ఉంటుంది. వైరుతో కచ్చితంగా 90 చిల్లర దగ్గర ఆగిపోతోందంటే ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టో, నాలుగు తీగలే ఉన్న పాత ల్యాన్ వైరో అడ్డం పడుతోంది. వైరుతో కూడా మరీ తక్కువంటే ఆపరేటరు పాత ప్లాను వేగం ఎక్కించి ఉండొచ్చు, ఫోన్ చేసి ప్రొఫైల్ చూడమనండి.

పాస్‌వర్డులు మార్చాలా? ఆ అబ్బాయే పెట్టి వెళ్లాడు.

మార్చాలి. అతను మంచివాడే కావచ్చు, కానీ వీధిలో అందరికీ కనెక్షన్ యజమాని ఫోన్ నంబరే పాస్‌వర్డుగా పెట్టడం మన దగ్గర అలవాటు, అది పక్కింటి పిల్లలకి కూడా తెలుసు. వైఫై పాస్‌వర్డుతో పాటు మోడెం సెట్టింగుల పేజీకి ఉండే అడ్మిన్ పాస్‌వర్డు కూడా మార్చి, డబ్బా కింద కాదు, డైరీలో రాసుకోండి. బటన్ నొక్కితే పాస్‌వర్డు లేకుండానే కలిపేసే డబ్ల్యూపీఎస్ ఆపేయండి.

కరెంటు పోగానే నెట్ పోతోంది. ఇన్వర్టరు లేదు, ఏం చేయాలి?

మోడెం కోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, 12 వోల్టులు నేరుగా ఇచ్చేవి, అరచేతిలో పట్టేంత ఉంటాయి. కొనేటప్పుడు మీ అడాప్టరు ఎన్ని ఆంపియర్లో కనీసం అంత ఇచ్చేదే తీసుకోండి. మంచిది అయితే రెండు మూడు గంటలు లాగుతుంది. అయితే మీ ఇంట్లో బాక్సు వెలిగినా, అవతల ఆపరేటరు గదిలో బ్యాటరీలు అయిపోతే నెట్ రాదు. ఊరంతా గంటల తరబడి కరెంటు లేకపోతే యూపీఎస్ ఉన్నా ఫోన్ డేటానే దిక్కు.

ఫైబర్‌లో కరెంటు పారదు కదా, మరి పిడుగుకి మోడెం ఎందుకు పోతోంది?

ఫైబర్ గాజే, అందులో కరెంటు పారదు. కానీ స్తంభం నుంచి మీ ఇంటికి వేలాడే వైరులో గాజుతో పాటు బలానికి ఒక ఉక్కు తీగ కూడా చాలాసార్లు ఉంటుంది, అది కరెంటుని మోస్తుంది. దాన్ని ఇంటి బయటే కత్తిరించి ఆపేయాలి, బాక్సు దాకా తేకూడదు. అంతకంటే పెద్ద దారి కరెంటు లైను, పిడుగు ఎక్కడో పడ్డా ఆ పోటు తీగల వెంట వచ్చి అడాప్టరుని దాటి బాక్సుని కాల్చేస్తుంది. మూడో దారి ఎవరూ గమనించరు, మేడమీదో గేటు దగ్గరో ఉన్న సీసీ కెమెరా నుంచి మోడెంకి వచ్చే ల్యాన్ వైరు. అది రాగి.

ఉరుములు మొదలవగానే అడాప్టరు ప్లగ్గు పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. బయటి నుంచి వచ్చే ల్యాన్ వైరు కూడా పీకండి. పిడుగు పడేది మన దగ్గర ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రంపూట కాబట్టి ఊరెళ్లేటప్పుడు ప్లగ్గు తీసి వెళ్లడం మంచిది. స్పైక్ బస్టర్ పెట్టినా ఇంటికి సరైన ఎర్తింగ్ లేకపోతే అది అలంకారమే. తీగ తెగి పడితే, వోల్టేజీ పిచ్చిగా ఆడుతుంటే ఈపీడీసీఎల్ వాళ్ల 1912కి చెప్పండి, మోడెం కంటే ముందు ఫ్రిజ్జు పోతుంది.

మాది కళింగపట్నం వైపు. సముద్రపు గాలికి ఏ బాక్సూ నిలవట్లేదు.

ఉప్పుతేమకి ముందు దెబ్బతినేది అడాప్టరు పిన్ను దూరే చోటు, అక్కడ పచ్చగా చిలుం పడుతుంది, బాక్సు కదిపితే ఆగిపోతుంది. కిటికీ పక్కన కాకుండా లోపలి గోడకి పెట్టండి. రోజుల తరబడి ఆపి ఉంచడం కంటే వెలుగుతూ ఉన్న బాక్సే తేమని బాగా తట్టుకుంటుంది, దాని వేడే దానికి కాపు. ఉరుములప్పుడు మాత్రం ఈ సూత్రం వర్తించదు.

పాత బాక్సు పారేయనా, ఇచ్చేయనా?

కంపెనీదయితే ఇచ్చేసి రసీదు తీసుకోండి, లేదంటే కనెక్షన్ మానేసిన రోజు "బాక్సు రాలేదు" అని డిపాజిట్ కోస్తారు. రసీదు ఇవ్వనంటే స్టిక్కరు కనపడేలా బాక్సు ఫొటో తీసి, "ఈ రోజు అందజేశాను" అని అతని వాట్సాప్‌కే పంపండి. సొంతదయితే రీసెట్ కొట్టి, అంటే పిన్ను బొక్కలో పది సెకన్లు నొక్కి, మీ పాస్‌వర్డులు చెరిపేశాకే ఎవరికైనా ఇవ్వండి. బాక్సు వెలగకపోతే అది కుదరదు, అందుకని కొత్త బాక్సులో యూజర్‌నేమ్‌కి ఉండే పాస్‌వర్డు ఆపరేటరు చేత మార్పించుకోండి. చెత్తబండిలో వేయకండి, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం ఇలాంటివి గుర్తింపు ఉన్న రీసైక్లర్లకే చేరాలి, తయారుచేసే కంపెనీలకి కూడా వాటిని రీసైకిల్ చేయించే బాధ్యత ఉంది. సొంత బాక్సు అడాప్టరు బాగుంటే మాత్రం ఇవ్వకండి, దాని మీద వోల్టులు, ఆంపియర్లు కనపడేలా ఒక చీటీ అంటించి సొరుగులో పెట్టుకోండి.